డై లెక్క కూడా రాయించండి: ఆరోగ్య శాఖ మంత్రికి బహిరంగ లేఖ

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పాలకొల్లులో రక్తపరీక్షల ల్యాబు నడుపుతున్నాను. కాకినాడలోనో రాజమండ్రిలోనో యాంజియోగ్రాం, స్టెంటు, గుండె కవాటం మార్పిడి చేయించుకుని వచ్చినవారి కాగితాలు తరచూ చూస్తుంటాను. స్టెంటు కొలతలు, నంబరు ఉన్న స్టిక్కరు శ్రద్ధగా అతికించి ఉంటుంది. ఎక్స్‌రేలో రక్తనాళాలు కనబడేందుకు ఎక్కించిన డై ఎన్ని మిల్లీలీటర్లో మాత్రం చాలావాటిలో కనిపించదు. మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో రక్తపరీక్షలో చెప్పే క్రియాటినిన్ చికిత్సకు ముందు ఎంత ఉందో వెతుక్కోవాలి. తర్వాత ఎంతైందో రాసి ఉండదు, ఆ పరీక్షే చేయలేదు కాబట్టి.

అయోడిన్ ఉన్న ఈ డై లేకపోతే గుండె రక్తనాళాలు ఎక్స్‌రేలో కనబడవు. అదే డై మూత్రపిండాల లోపలి భాగానికి రక్తప్రసరణ తగ్గించి, అక్కడి కణాలను దెబ్బతీయగలదు. అందరికీ ఇలా జరగదు. మూత్రపిండాలు ముందే బలహీనపడినవారికి, షుగరు, గుండె వైఫల్యం ఉన్నవారికి, వృద్ధులకు ముప్పు ఎక్కువ. ఛాతీ కోయకుండా గొట్టం ద్వారా కవాటం మార్చేది ఎక్కువగా వృద్ధులకే. వారికి కొలతల కోసం తీసే సీటీ స్కాన్‌లో ఒకసారి, కవాటం అమర్చేటప్పుడు మరోసారి డై ఎక్కుతుంది.

గుండెపోటు వచ్చిన మనిషికి మూత్రపిండాల పేరు చెప్పి స్టెంటు ఆలస్యం చేయమని నేను అడగడం లేదు. నా గొడవంతా ఆ తర్వాతి రోజుల గురించే. క్రియాటినిన్ సాధారణంగా 24 నుంచి 48 గంటల్లో పెరగడం మొదలై, మూడు నుంచి ఐదు రోజులకు గరిష్ఠానికి చేరుతుంది. మణికట్టు దగ్గర నుంచి స్టెంటు వేసినవారిని చాలాసార్లు మర్నాడే ఇంటికి పంపుతున్నారు. దెబ్బ బయటపడే రోజుకు రోగి అంతర్వేదిలోనో మొగల్తూరులోనో ఉంటాడు. 48 గంటల్లో క్రియాటినిన్ డెసిలీటరుకు 0.3 మిల్లీగ్రాములు పెరిగినా దాన్ని మూత్రపిండాల దెబ్బగానే లెక్కిస్తారు. మూత్రం మామూలుగానే వస్తుంటే ఎవరికి అనుమానం వస్తుంది? నడుం నొప్పి అంటే ఊళ్లో ఆర్‌ఎంపీ నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ పొడిచేస్తాడు. దెబ్బతిన్న మూత్రపిండానికి అది రెండో దెబ్బ. జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉంటే చాలామందికి ఒకటి రెండు వారాల్లో సర్దుకునే సమస్య ఇది.

నివారణకు ఖరీదైన మందులేమీ అక్కర్లేదు. సరిపడా సెలైన్, వీలైనంత తక్కువ డై, అంతే. గుండె నీరసంగా ఉన్నవారికి ఆ సెలైన్ ఎంతన్నది డాక్టరే తేల్చాలి. మూత్రపిండాలను కాపాడతాయని ఇచ్చే ఎసిటైల్‌సిస్టీన్ మాత్రల వల్ల అదనపు మేలు లేదని దాదాపు 5,000 మందిపై జరిగిన ప్రిజర్వ్ అధ్యయనం 2018లోనే తేల్చింది. అయినా చీటీల్లో ఆ మాత్రలు ఇంకా కనబడుతున్నాయి!

ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేసే ప్రతి గుండె చికిత్సలో డై మోతాదు, ముందటి క్రియాటినిన్ డిశ్చార్జి కాగితంలో తప్పనిసరిగా రాయించండి. ముప్పు ఎక్కువగా ఉన్నవారికి మూడో రోజున దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా క్రియాటినిన్ పరీక్ష చేయించండి. ఆ రోజు గుర్తుచేసే పని ఆశా కార్యకర్తకు అప్పగిస్తే, దానికి తగిన పారితోషికం కూడా ఇవ్వాలి. నొప్పి మందులు వాడవద్దన్న హెచ్చరిక తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. మా ల్యాబులో ఈ పరీక్షకు 150 రూపాయలు తీసుకుంటాం. ప్రభుత్వానికి అంత కూడా కాదు.

ఒంట్లో నీరు తగ్గితే ఈ ముప్పు ఇంకా పెరుగుతుంది. కనుక వేసవిలో డెల్టా కాలువలు కట్టేసేలోగా ఉత్తర్వు వచ్చేలా చూడండి.

ఇట్లు,
పాలకొల్లు నుంచి ఒక ల్యాబ్ టెక్నీషియన్