పాతబడిన జాతీయ జెండాను ఎక్కడ అప్పగించాలి? కేంద్ర హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర హోం శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

జాతీయ జెండాను ఎలా ఎగరవేయాలో చెప్పే నియమావళి మన దేశంలో ఉంది. దానిని అవమానించిన వారిని శిక్షించే చట్టం కూడా ఉంది. స్వాతంత్ర్య దినోత్సవానికీ గణతంత్ర దినోత్సవానికీ ముందు మీ శాఖ నుంచి రాష్ట్రాలకు సూచనలు వెళ్తుంటాయి. కానీ ఎండకు వెలిసి, గాలికి అంచులు పీలికలైన జెండాను దించిన తరువాత సామాన్య పౌరుడు దానిని ఏం చేయాలన్న ప్రశ్నకు మాత్రం ఆ నియమావళిలో ఒకటి రెండు వాక్యాలకు మించి జవాబు లేదు. ఆ వాక్యాలు రాసిన నాటికీ నేటికీ జెండా బట్ట మారింది, అది ఎగిరే వేళలు మారాయి, అది ఎగిరే ఇళ్లు కూడా మారాయి. పాత జెండాలను గౌరవంగా స్వీకరించే ఏర్పాటు ప్రతి పోస్టాఫీసులోనూ, పంచాయతీ, వార్డు కార్యాలయాల్లోనూ ఉండాలని, అందుకు అనుగుణంగా పతాక నియమావళిని సవరించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

భారత పతాక నియమావళి 2002 జనవరి 26న అమల్లోకి వచ్చింది. అంతకు ముందు సామాన్యుడు తన ఇంటి మీద జెండా ఎగరవేయాలంటే కొన్ని జాతీయ దినాలకే అవకాశం ఉండేది. నవీన్ జిందాల్ కేసులో 2004 జనవరి 23న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, జెండాను గౌరవమర్యాదలతో స్వేచ్ఛగా ఎగరవేయడం రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం కింద పౌరుడికి ఉన్న హక్కేనని, అది సహేతుకమైన పరిమితులకు లోబడి ఉంటుందని స్పష్టం చేసింది. ఆ తరువాత 2021 డిసెంబర్ 30న నియమావళిని సవరించి, అప్పటిదాకా చేతితో వడికి చేతితో నేసిన బట్టకే పరిమితమైన జెండాను పాలిస్టర్‌తోనూ, యంత్రాల మీదా తయారు చేయడానికి అనుమతించారు. 2022 జూలైలో మరో సవరణ తెచ్చి, సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే అన్న పాత కట్టుబాటును సడలించి, ఆరుబయటా పౌరుల ఇళ్ల మీదా జెండా రాత్రింబవళ్లు ఎగరవచ్చునన్నారు. అదే ఏడాది ఆగస్టులో ఇంటింటా త్రివర్ణ పతాకం పిలుపు వచ్చింది. దేశమంతటా ఉన్న లక్షన్నరకు పైగా పోస్టాఫీసుల్లో జెండాను 25 రూపాయలకు అమ్మారు. కొండమీది గిరిజన గూడెం మొదలుకొని మహానగరంలోని బహుళ అంతస్తుల భవనం దాకా జెండా చేరింది. ఎన్నో ఏళ్లు బడిలో పిల్లల చేత జెండా వందనం చేయించిన ఉపాధ్యాయుడిగా ఆ దృశ్యాన్ని నేను మనసారా ఆహ్వానించాను. జెండా ప్రభుత్వ భవనాలది మాత్రమే కాదని, ప్రతి గడపదీ అని చెప్పిన నిర్ణయమది.

అయితే రాత్రింబవళ్లు ఎండకూ వానకూ గాలికీ నిలిచిన బట్ట ఎన్నాళ్లు ఉంటుంది? ముందుగా కాషాయం వెలుస్తుంది. కొయ్యకు దూరంగా ఉన్న అంచు దారాలు ఊడి చిరుగుతుంది. చిరిగిన, నలిగి చెదిరిన జెండాను ప్రదర్శించకూడదని నియమావళి స్పష్టంగా చెబుతోంది కనుక పౌరుడు దానిని దించి తీరాలి. దించాక ఏం చేయాలి? దానిని ముక్కలు చేయకుండా మొత్తంగా, ఏకాంతంగా, వీలైతే కాల్చివేయడం ద్వారా, లేదా జెండా గౌరవానికి తగిన మరే పద్ధతిలోనైనా విసర్జించాలని అదే నియమావళి అంటోంది.

ఈ మాట ఖద్దరు జెండాకు, సొంత పెరడున్న ఇంటికి సరిపోతుంది. విజయవాడలోనో, హైదరాబాద్‌లోనో, విశాఖపట్నంలోనో అపార్ట్‌మెంటులో ఉంటున్న కుటుంబానికి ఆ ఏకాంతం ఎక్కడిది? డాబా మీద కాల్చితే చుట్టుపక్కల భవనాల వారందరికీ కనిపిస్తుంది. సెల్లారులో కాల్చితే అగ్నిప్రమాదం. వీధిలో చెత్త కాల్చడాన్ని ఘన వ్యర్థాల నిబంధనలు ఎలాగూ ఒప్పుకోవు. అన్నిటినీ మించి, 1971 నాటి జాతీయ గౌరవ అవమానాల నిరోధక చట్టం రెండో సెక్షన్, బహిరంగ స్థలంలో గానీ ప్రజల కంటికి కనిపించే మరే చోట గానీ జాతీయ జెండాను కాల్చడం, చించడం, వికృతం చేయడం వంటి పనులకు మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధిస్తోంది. ఆ సెక్షన్ ఉద్దేశం జెండాను అగౌరవపరిచే వారిని శిక్షించడమేనని న్యాయం తెలిసిన వారు చెబుతారు. ఆ మాట నిజమే. కానీ డాబా మీద ఒక పెద్దాయన మంటలో జెండా వేయడాన్ని ఎదురింటి వారు సెల్‌ఫోనులో చిత్రీకరించి పంచుకుంటే, ఆయన మనసులో ఉన్నది భక్తి అని ముందుగా ఎవరు నమ్ముతారు? నియమావళి చెప్పిన పని చేస్తూనే చట్టం నిషేధించిన పని చేసినవాడిగా కనిపించే ప్రమాదం ఇది. దీనికి జడిసి చాలామంది పాత జెండాను మడిచి అటక మీద పెట్టి ఊరుకుంటున్నారు. మరికొందరు ఏం చేయాలో తెలియక దానిని పాతబట్టల మూటలో కలిపేస్తున్నారు.

బట్ట సంగతి ఇంకా ముఖ్యమైనది. ఖద్దరు కాలితే బూడిద మిగులుతుంది. పాలిస్టర్ కరుగుతుంది, నల్లటి పొగ వదులుతూ బొట్లు బొట్లుగా జారుతుంది, చివరికి గట్టిపడిన ముద్దగా మిగులుతుంది. ఆ పొగ పీల్చడం ఆరోగ్యానికి మంచిది కాదు. పైగా జాతీయ జెండా అలా కరిగి ముద్ద కావడాన్ని చూడటం దానిని ప్రేమించే ఎవరికైనా బాధాకరమే. పాలిస్టర్‌ను అనుమతించిన సవరణతో పాటే దాని విసర్జన పద్ధతిని కూడా తిరగరాసి ఉండవలసింది. అనుమతి ఇచ్చి నాలుగేళ్లు దాటుతున్నా ఆ వాక్యం ఖద్దరు కాలం నాటిదిగానే నిలిచి ఉంది.

ఇక ఆగస్టు 16 ఉదయం మన పట్టణాల్లో ఈ భారం ఎవరి మీద పడుతోందో తమరు గమనించాలి. వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల మీద. కాగితపు జెండాలను వేడుక అయ్యాక నేల మీద పారవేయకూడదని, ఏకాంతంగా గౌరవంగా విసర్జించాలని నియమావళి చెబుతున్నా, ప్లాస్టిక్ జెండాలను 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే వస్తువుల జాబితాలో చేర్చి నిషేధించినా, కూడళ్ల దగ్గరా మైదానాల్లోనూ రెండు రకాలూ రాలిపడుతూనే ఉన్నాయి. వాటిని ఏరే కార్మికురాలికి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు, వేరే సంచీ ఇవ్వలేదు, ఎక్కడ అప్పగించాలో చెప్పలేదు. ఆమె వాటిని చెత్తబండిలో వేస్తే తప్పు, వేయకపోతే వీధిలో కాళ్ల కింద పడతాయి. జెండా విషయంలో దేశం పెట్టుకున్న అత్యంత సున్నితమైన బాధ్యతను, దానిని నెరవేర్చే ఏ సాధనమూ చేతికివ్వకుండా అందరికన్నా తక్కువ జీతగాళ్లకు వదిలేయడం న్యాయం కాదు.

గ్రామాల్లోని ప్రభుత్వ పాఠశాలల్లో మరో రకం ఇబ్బంది ఉంది. పాడైన జెండాలను ప్రధానోపాధ్యాయులు బీరువాలో దాచి, బదిలీ అయినప్పుడు తరువాత వచ్చిన వారికి తాళాలతో పాటు అప్పగిస్తుంటారు. కాల్చామని ఏ రిజిస్టరులో రాయాలో, ఎవరి అనుమతి కావాలో, ఎవరు సాక్షిగా ఉండాలో చెప్పే ఉత్తర్వు వారి చేతిలో ఉండదు. జెండాను ఎగరవేసే రోజున కొయ్య దగ్గర ఎవరు ఎక్కడ నిలబడాలో, పూలరేకులు ఎలా చుట్టాలో పిల్లలకు నేర్పగలం. దానికి వీడ్కోలు ఎలా పలకాలో నేర్పడానికి మాకు పాఠం లేదు.

మన ప్రభుత్వానికి ఇంత వివరంగా నిబంధనలు రాయడం చేతకాదని ఎవరూ అనలేరు. నాలుగు సింహాల జాతీయ చిహ్నం విషయమే చూడండి. 1950 నాటి చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం దానిని వ్యాపారానికి వాడుకోవడాన్ని అడ్డుకున్నా, శిక్ష 500 రూపాయల జరిమానాకే పరిమితం కావడంతో, 2005లో ఆ చిహ్నానికే ప్రత్యేకంగా చట్టం తెచ్చి రెండేళ్ల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పెట్టారు. పదవి దిగిపోయిన వారిని కూడా ఆ నిషేధం పరిధిలోకి తెచ్చారు. 2007లో వచ్చిన నియమాలు ఎవరి లేఖల మీద చిహ్నం ఉండవచ్చో, ఎవరి కార్ల మీద ఉండవచ్చో కూడా చెప్పాయి. కింద దేవనాగరి లిపిలోని సత్యమేవ జయతే అన్న అక్షరాలు చిహ్నంలో భాగమేనని 2005 చట్టమే చెప్పింది. ఒక కాగితం మీది ముద్రకు అంత శ్రద్ధ చూపిన ప్రభుత్వం, కోట్ల ఇళ్లకు తానే చేర్చిన జెండా చివరి ఘడియకు ఒక పేజీ కేటాయించలేదనుకోను.

కృష్ణా జిల్లా వాడిగా నాకు ఈ విషయం మీద పట్టింపు కొంత ఎక్కువే. పింగళి వెంకయ్య గారు పుట్టిన భట్లపెనుమర్రు మా జిల్లాలోనే ఉంది. 1921లో మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగినప్పుడే ఆయన తన జెండా నమూనాను గాంధీజీకి చూపారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం నాటి మచిలీపట్నంలో, కోనేరు సెంటరులో జెండా ఎగరవేయడానికి కొయ్య ఎక్కిన తోట నరసయ్య నాయుడు గారిని పోలీసులు లాఠీలతో చావబాదారు. స్పృహ తప్పేదాకా ఆయన జెండాను వదల్లేదని మా పెద్దలు చెప్పేవారు. 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన పతాకం వెనుక ఇలాంటి దెబ్బలు ఎన్నో ఉన్నాయి. ఆ జెండా వారసురాలైన బట్ట పాతసామాన్ల కొట్టులో తూకానికి పోవడం మా జిల్లా వారికే కాదు, ఎవరికీ సమ్మతం కాదు.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. జెండాను అమ్మిన పోస్టాఫీసు కిటికీ దగ్గరే దానిని తిరిగి తీసుకునే ఏర్పాటు చేయించండి. ఇందుకు తపాలా శాఖతో మీ శాఖ ఒక అవగాహనకు వస్తే చాలు. పోస్టాఫీసు దూరమైన చోట గ్రామ పంచాయతీ, పట్టణాల్లో వార్డు కార్యాలయం ఆ పని చేయవచ్చు. తెచ్చిన జెండాను మడిచి ప్రత్యేకమైన పెట్టెలో ఉంచి, తెచ్చిన వారికి ఒక రసీదు ఇస్తే పౌరుడి భయం తీరుతుంది. అలా చేరినవాటిలో ఖద్దరు, నూలు, పట్టు, ఉన్ని జెండాలను ఏడాదిలో ఒకటి రెండుసార్లు జిల్లా స్థాయిలో పోలీసు వందనంతో దహనం చేయవచ్చు. పాలిస్టర్ వాటికి ఏ పద్ధతి గౌరవప్రదమో, ఏది ఆరోగ్యానికి హాని చేయదో జౌళి శాఖ, కాలుష్య నియంత్రణ మండలి నిపుణులతో కలిసి మీ శాఖ తేల్చాలి. ఆసుపత్రి వ్యర్థాలతో కలిపి కొలిమిలో వేయడం వంటి దగ్గరి దారి మాత్రం పట్టవద్దని ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారిలో చాలామంది ఇలాంటి ఏర్పాటును చూసే ఉంటారు. అక్కడ అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం శాఖలు ఊరి ప్రజల నుంచి పాత జెండాలు తీసుకుని, జూన్ 14న వచ్చే వారి పతాక దినోత్సవం నాడు క్రమశిక్షణతో దహనం చేస్తాయి. మన దగ్గర ఊరూరా మాజీ సైనికులు ఉన్నారు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి, ఎన్‌సీసీ దళాలు ఉన్నాయి. పిలిస్తే రాని వారు కారు.

దీనితో పాటు 1971 చట్టం రెండో సెక్షన్‌కు ఒక వివరణ చేర్చించండి. పాడైన జెండాను నియమావళి ప్రకారం సద్బుద్ధితో విసర్జించడం, లేదా అందుకోసం దించి తీసుకువెళ్లడం నేరం కాదని అందులో ఉండాలి. విమర్శకూ, చట్టబద్ధమైన మార్పు కోరడానికీ మినహాయింపునిచ్చే వివరణ ఆ సెక్షన్‌లో ఇప్పటికే ఉంది కనుక, ఇది చట్టం స్వభావానికి విరుద్ధమైనది కాదు. చట్ట సవరణకు సమయం పడుతుందనుకుంటే, ఈలోగా రాష్ట్రాల పోలీసు శాఖలకు ఒక ఉత్తర్వు పంపినా మేలే. అలాగే అమ్మే ప్రతి జెండాతో పాటు ఆ రాష్ట్ర భాషలో ఒక చిన్న చీటీ ఉండాలి. కాషాయం పైన ఉండాలని, నేలకు తగలకూడదని, చిరిగితే దించాలని, దించినది ఎక్కడ ఇవ్వాలని తెలుగులో నాలుగు వాక్యాలు రాసి ఉంటే, ఇంగ్లీషులోని నియమావళిని వెతుక్కోలేని ఇల్లాలు కూడా దానిని పాటించగలుగుతుంది.

రాజ్యాంగంలోని 51ఎ అధికరణం జాతీయ జెండాను గౌరవించడాన్ని పౌరుడి ప్రాథమిక విధుల్లో మొదటి అంశంలోనే చేర్చింది. ఆ విధిని నెరవేర్చడానికి సిద్ధంగా ఉన్నవారు ఈ దేశంలో కోట్ల మంది ఉన్నారు. వారికి కావలసినది జెండాను చేతపట్టుకుని వెళ్లగల ఒక చిరునామా. రాబోయే ఆగస్టు 15 లోపు కనీసం కొన్ని జిల్లాల్లోనైనా ఈ ఏర్పాటును ప్రయోగాత్మకంగా ప్రారంభించాలని, వాటిలో కృష్ణా జిల్లా ఒకటి కావాలని, పోస్టాఫీసుల్లో పెట్టే పెట్టెల బాధ్యతను ఏ అధికారి చూస్తారో ముందుగా ప్రకటించాలని సవినయంగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కృష్ణా జిల్లా, ఆంధ్రప్రదేశ్