కాదన్నా సరే, కారణం చెప్పండి

అయ్యా,

ఊళ్లలో నడిచే చిన్న పఠన మందిరాలు డబ్బు లేక మూతపడుతున్నాయన్న వార్తలు జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తున్నాయి. అసలు డబ్బే లేదా అంటే, ఉంది. కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ కనీసం రూ.500 కోట్లు గానీ, టర్నోవర్ కనీసం రూ.1,000 కోట్లు గానీ, నికర లాభం కనీసం రూ.5 కోట్లు గానీ ఉన్న కంపెనీ ఏటా తన గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతాన్ని సమాజం కోసం ఖర్చు పెట్టాలి. సీఎస్‌ఆర్ (కార్పొరేట్ సామాజిక బాధ్యత) నిధులని మనం అనేవి ఇవే. ఏ పనులకు ఖర్చు పెట్టవచ్చో చెప్పే ఏడో షెడ్యూలులో ప్రజా గ్రంథాలయాల ఏర్పాటు అన్న మాట స్పష్టంగా ఉంది. కంపెనీ తాను నడిచే ప్రాంతానికీ, దాని చుట్టుపక్కలకూ ప్రాధాన్యమివ్వాలని కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. ఇంత ఉన్నా ఆ డబ్బు ఫ్యాక్టరీ గేటు దాటి మా వీధిలోకి ఎందుకు రాలేదో, మా పఠన మందిరం సంఘం తరఫున ఒక కంపెనీకి తొలి గ్రాంటు దరఖాస్తు రాసి భంగపడిన కార్యదర్శిగా నాలుగు మాటలు చెప్పదలిచాను.

నేను ముప్పై రెండేళ్లు బడిపంతులుగా పనిచేసినవాణ్ని. అర్జీలు రాయడం నాకు కొత్త కాదు, చేటు చేసిందీ ఆ అలవాటే. ఇంక్రిమెంటు ఆగినా, ఊరి బోరు చెడినా, బస్సు రాకపోయినా మనం రాసే తీరు ఒక్కటే: తమరు దయతలచి, మా బాధ ఆలకించి. గ్రాంటు దరఖాస్తునూ అదే ధోరణిలో ఐదు పేజీలు నింపాను. రెండు పేజీలు ఊరి చరిత్ర, ఒక పేజీ పుస్తక పఠన మహిమ, ఒక పేజీ మా లేమి, చివరి పేజీలో నాలుగు పద్దుల బడ్జెట్. ఆ నాలుగో పద్దు ‘ఇతర ఖర్చులు: రూ.60,000’. మూడు నెలల తర్వాత, మా దరఖాస్తు ఎంపిక కాలేదని ఒకే ఒక్క వాక్యంతో ఈమెయిల్ వచ్చింది. కారణం అడుగుతూ రెండుసార్లు రాశాను. జవాబు రాలేదు.

చివరికి పట్నంలో మా లెక్కలు చూసే ఆడిటరు దగ్గరికి ఆ కాగితాలు పట్టుకెళ్లాను. ఆయన ఊరి చరిత్ర జోలికి పోకుండా నేరుగా చివరి పేజీ తీసి, నాలుగో పద్దు మీద పెన్ను ఆనించి, “మాస్టారూ, ఇందులో ఏమేం ఉన్నాయి?” అన్నారు. ఫ్యాన్లు, కరెంటు బిల్లు, అలాంటివన్నాను. “ఎన్ని ఫ్యాన్లు?” తెలియదు. “రోజూ ఎంతమంది వస్తారు?” చాలామంది వస్తారన్నాను. ఆయన నవ్వలేదు గానీ, నాకే సిగ్గనిపించింది. పరీక్షలో ఇలాంటి జవాబు రాసిన పిల్లవాడికి నేనెన్ని మార్కులు వేసేవాణ్నో నాకు తెలుసు.

మర్నాటి నుంచి ఇంటర్ చదివే ఇద్దరు అమ్మాయిలు గుమ్మం దగ్గర నోటుపుస్తకం పెట్టుకుని, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా వచ్చినవారిని ఐదేసి గీతల కట్టలుగా రెండు వారాలు లెక్కపెట్టారు. ఎవరు ఏం చదివారో, ఎంతసేపు ఉన్నారో పక్కనే రాశారు. దినపత్రికల కోసం వచ్చే పెద్దవాళ్లు ఏడింటికల్లా వెళ్లిపోతున్నారు. ఆ తర్వాత వచ్చేవారంతా ఉద్యోగ పరీక్షలకు చదువుకునే కుర్రాళ్లే. ఉన్నవి పదకొండు కుర్చీలు కావడంతో వెనక వచ్చినవారు కాసేపు గోడకు ఆనుకుని నిలబడి తిరిగిపోతున్నారు. మేము దరఖాస్తులో అడిగినవి పుస్తకాల బీరువాలు. మాకు కావలసినవి బల్లలు, లైట్లు.

ఇక కాగితాల సంగతి. ఏడుగురు కలిసి 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘం పెట్టుకోవడంతో పని తీరదు. ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ (సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (విరాళం ఇచ్చినవారికి పన్ను రాయితీ) రిజిస్ట్రేషన్లు ఉండాలి. ఆపైన 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్‌ఆర్ పనులు చేసే సంఘంగా నమోదు కావడానికి కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖకు సీఎస్‌ఆర్-1 ఫారం కూడా ఆడిటరు ధ్రువీకరణతో దాఖలు చేయాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, మాలాంటి సంఘానికి అదే తరహా పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలని నిబంధన. మేము పఠన మందిరం నడపబట్టి తొమ్మిదేళ్లయింది, కానీ రిజిస్ట్రేషన్ అప్పటికి రెండేళ్లది. అంతకుముందు చందాలు, ఖర్చులు ఒక చేతిపుస్తకంలో, తీర్మానాలు నోటిమాటగా నడిచిపోయాయి. మా దరఖాస్తు అక్కడే ఆగి ఉంటుందని ఇప్పుడు అనుకుంటున్నాను. మూడేళ్లు నిండలేదు, వచ్చే ఏడాది రండి అని ఆ ఈమెయిల్‌లో ఇంకొక్క వాక్యం ఉంటే మేము మారుమాట లేకుండా ఆగేవాళ్లం.

ఇలాంటిదే మరో తికమక ఉంది. పరిపాలన ఖర్చులు 5 శాతం మించకూడదని ఎవరో చెబితే భయపడి, రోజూ తలుపు తీసి దీపం పెట్టే అమ్మాయి గౌరవ వేతనాన్ని బడ్జెట్‌లోంచి తీసేశాను. తీరా చూస్తే ఆ పరిమితి కంపెనీ తన సీఎస్‌ఆర్ వ్యవహారాలను నడుపుకోవడానికి పెట్టే సాధారణ పరిపాలన ఖర్చుకు సంబంధించినది. ఒక ప్రాజెక్టు అమలుకు నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. ఈ సంగతి తెలియక ఎన్ని చిన్న సంఘాలు తమ పనివాళ్ల జీతాలను తామే కొట్టేసుకుంటున్నాయో!

వందల దరఖాస్తులు వస్తాయి, అందరికీ జవాబివ్వడం ఎలా కుదురుతుందని కంపెనీలవారు అనవచ్చు. చదివి పక్కన పెట్టినవారికి ఎందుకు పెట్టారో తెలిసే ఉంటుంది. అర్హత లేదా, లెక్క సరిపోలేదా, ఈ ఏడాది ఈ రంగానికి ఇవ్వడం లేదా అన్న మూడు నాలుగు గళ్లలో ఒకదానికి టిక్కు పెట్టి పంపితే వారికి పట్టే సమయం అర నిమిషం. దరఖాస్తు ఫారాన్ని తెలుగులో కూడా ఇస్తే ఇంగ్లీషు రాసిపెట్టేవారి కోసం పట్నం పరుగెత్తే పని తప్పుతుంది. జిల్లా గ్రంథాలయ సంస్థలు నెలకొక పూట ఒక ఆడిటరును కూర్చోబెట్టి, తొలిసారి దరఖాస్తు చేసేవారి బడ్జెట్లు చూపించే ఏర్పాటు చేయాలని కూడా కోరుతున్నాను.

మా సంఘానికి ఇప్పుడు మూడేళ్లు నిండాయి. ఈ నెలలో మళ్లీ దరఖాస్తు పెడుతున్నాం. ఊరి చరిత్ర రెండు వాక్యాలకు తగ్గింది, అమ్మాయిల గీతల పుస్తకం నకలు జతచేశాం, ఫ్యాన్లు నాలుగని రాసి మూడు దుకాణాల కొటేషన్లు పెట్టాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ప్రకాశం జిల్లా