అమ్మకాన్ని కాదు, జీతాల పద్దును చూడండి

సంపాదకుల గారికి,

నమస్కారం. ఐరోపాలో ఫుట్‌బాల్ ఆటగాళ్ల బదిలీల గడువు దగ్గరపడినప్పుడల్లా క్రీడాపుటల్లో ఒకే తరహా శీర్షికలు కనిపిస్తుంటాయి. మధ్యస్థాయి క్లబ్ ఏదైనా తన మేటి ఆటగాణ్ణి పెద్ద క్లబ్‌కు ఇచ్చేస్తే, దాన్ని లొంగుబాటుగానో, గెలవాలన్న ఆశ లేకపోవడంగానో రాయడం విలేకరులకు, అలాగే చదవడం అభిమానులకు అలవాటైపోయింది. నేను వృత్తిరీత్యా జమాఖర్చులు తనిఖీ చేసేవాణ్ణి. ఆట మీద మక్కువ కొద్దీ కొన్నేళ్లుగా క్లబ్బుల వార్షిక లెక్కలు చదువుతున్నాను. ఆ లెక్కల్లో నాకు కనబడేది వేరు. పంట అమ్ముకోవడాన్నీ పొలం అమ్ముకోవడాన్నీ మనం ఒకే గాటన కడుతున్నాం. మధ్యస్థాయి క్లబ్బును నిలబెట్టేదీ ముంచేదీ అమ్మకం కాదనీ, జీతాల పద్దు మీద దానికి ఉన్న అదుపేననీ చెప్పడానికే ఈ లేఖ.

ఇంగ్లండ్‌లోని బ్రైటన్ క్లబ్ సంగతే చూడండి. ఈక్వడార్ క్లబ్ ఇండిపెండియెంటె డెల్ వాయె నుంచి మొయిసెస్ కైసెడోను 2021 ఫిబ్రవరిలో అది 50 లక్షల పౌండ్ల లోపు ధరకే తెచ్చుకుంది. 2023 జనవరిలో ఆర్సెనల్ అతని కోసం ప్రతిపాదనలు పంపితే, ఆటగాడు స్వయంగా వెళ్లిపోతానని బహిరంగంగా కోరినా బ్రైటన్ ఒప్పుకోలేదు. మార్చిలో అతనితో 2027 వరకు కొత్త ఒప్పందం రాయించుకుంది. ఆగస్టులో చెల్సీకి ఇచ్చినప్పుడు వచ్చిన ధర 10 కోట్ల పౌండ్లు, షరతులన్నీ నెరవేరితే 11.5 కోట్లు. ఈ మొత్తం కథలో అందరూ చెప్పుకునేది చివరి అంకెనే. నా దృష్టిలో అసలు విశేషం జనవరిలో చెప్పిన ‘కాదు’లో ఉంది. ఆ నెల జీతాలకు ఈ అమ్మకం మీద ఆధారపడిన క్లబ్ అలా చెప్పలేదు. అమ్మకుండా ఆగగలిగిన క్లబ్బుకే మార్కెట్‌లో ధర పలుకుతుంది, ఆగగలిగే శక్తి జీతాలు ఆదాయం దాటకుండా చూసుకున్నవారికే ఉంటుంది. కైసెడోను ఇచ్చేసిన ఆగస్టులోనే ఫ్రాన్స్ క్లబ్ లీల్ నుంచి కార్లోస్ బలేబా అనే కుర్రవాణ్ణి బ్రైటన్ తెచ్చుకుంది. 2022-23 సీజన్‌కు ఆ క్లబ్ చూపించిన లాభం 12.28 కోట్ల పౌండ్లు, లీగ్‌లో స్థానం ఆరు, యూరప్ పోటీలకు అర్హత చరిత్రలోనే తొలిసారి. కైసెడో సొమ్ము ఆ ఏడాది లెక్కలోకి రాలేదని గమనించాలి. (కోచ్ గ్రాహం పాటర్‌ను తీసుకెళ్లినందుకు కూడా చెల్సీ ఆ సీజన్‌లో పరిహారం చెల్లించింది. ఒక దశలో ఆ రెండు క్లబ్బుల మధ్య ప్రత్యేక ఖాతా తెరవాల్సి వస్తుందేమో అనిపించింది.)

ఇక్కడ లెక్కల పద్ధతి గురించి కొంచెం చెప్పక తప్పదు, ఎందుకంటే బదిలీ వార్తల్లో సగం అపార్థాలు అక్కడే పుడతాయి. ఒక ఆటగాణ్ణి 5 కోట్ల పౌండ్లకు కొని ఐదేళ్ల ఒప్పందం చేసుకుంటే, ఆ సొమ్మంతా ఒకే ఏడాది ఖర్చుగా పడదు, ఏటా కోటి చొప్పున ఐదేళ్లకు పంచి రాస్తారు. మూడేళ్లు గడిచేసరికి అతని పుస్తక విలువ 2 కోట్లకు దిగుతుంది. అప్పుడతన్ని 4.5 కోట్లకు అమ్మితే, కొన్న ధర కంటే తక్కువకే అమ్మినప్పటికీ, లెక్కల్లో 2.5 కోట్ల లాభం నమోదవుతుంది. సొంత అకాడమీలో పెరిగిన కుర్రవాడికి కొన్న ధరే లేదు కనుక, అతనికి ఎంత వస్తే అంతా లాభమే. ఈ సూత్రాన్ని సాగదీయడానికి చెల్సీ ఏడెనిమిదేళ్ల ఒప్పందాలు రాయడం మొదలుపెట్టాక, ఖర్చును ఎన్నేళ్లకైనా పంచుకునే వీలు లేకుండా యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యుయెఫా, ఆ వెనుకే ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్, 2023లో ఐదేళ్ల పరిమితి పెట్టాయి.

అమ్మకం లాభం ఒక్కసారి వస్తుంది. జీతం మాత్రం నెలనెలా పోతుంది, పైగా ఒకరికి పెంచితే పక్క బెంచీ మీద కూర్చున్నవాడు కూడా అడుగుతాడు. ఈ తేడాను మరచిపోయిన క్లబ్ ఎంత గొప్పగా అమ్మినా మిగలదని లెస్టర్ సిటీ చరిత్ర చూపిస్తుంది. లె హావ్ర్ నుంచి సుమారు నాలుగున్నర లక్షల పౌండ్లకు తెచ్చిన రియాద్ మహ్రెజ్‌ను 2018లో మాంచెస్టర్ సిటీకి 6 కోట్లకూ, హ్యారీ మగ్వాయర్‌ను 2019లో మాంచెస్టర్ యునైటెడ్‌కు 8 కోట్లకూ అమ్మిన క్లబ్ అది. 2015-16లో లీగ్ విజేత, 2021లో ఎఫ్‌ఏ కప్ విజేత. అంతవరకు ఏడాదికొక పెద్ద అమ్మకం, ఆ సొమ్ముతో రెండు మూడు మంచి కొనుగోళ్లు అన్న పద్ధతి సాఫీగా సాగింది. అయితే పై స్థానాల్లో ఉండే క్లబ్బుల సరసన నిలవాలన్న తపనలో జీతాల మెట్టు కూడా ఎక్కేశారు. 2021 వేసవిలో పెద్ద అమ్మకం ఏదీ జరగలేదు. 2021-22 లెక్కలు వచ్చేసరికి ఆదాయంలో 85 శాతం జీతాలకే పోయింది, నష్టం 9.25 కోట్ల పౌండ్లు. ఆ తర్వాతి ఏడాది వెస్లీ ఫొఫానాను చెల్సీకి భారీ ధరకు అమ్మినా నష్టం 8.97 కోట్ల దగ్గరే ఆగింది, 2023 మేలో క్లబ్ కింది డివిజన్‌కు పడిపోయింది. అదే వేసవిలో యూరి టీలెమాన్స్, చాలర్ సొయుంజు ఒప్పందం ముగిసి పైసా ఫీజు లేకుండా వెళ్లిపోయారు. అమ్మినందుకు లెస్టర్ పడిపోయిందని ఎవరూ అనలేరు. తన స్థాయికి మించిన జీతాలు కట్టడం వల్ల అమ్మకమే ఊపిరిగా మారి, ఆ ఊపిరి ఒక్క వేసవి ఆగినా తట్టుకోలేని స్థితికి వచ్చింది.

ఒప్పందం గడువు గురించి ఆ చివరి ముచ్చట కొత్తదేమీ కాదు. గడువు తీరిన ఆటగాడు ఫీజు లేకుండా మరో క్లబ్‌కు వెళ్లవచ్చని యూరప్ న్యాయస్థానం 1995 డిసెంబరులో బోస్మాన్ కేసులో తీర్పు చెప్పింది. అదే ఏడాది యూరప్ విజేతగా నిలిచిన డచ్ క్లబ్ అయాక్స్ నుంచి ఎడ్గార్ డావిడ్స్, మైకేల్ రైజిగర్, ఆ తర్వాత పాట్రిక్ క్లూయివర్ట్ అలాగే మిలాన్‌కు తరలిపోయారు. ఒక తరం మొత్తం చేతిలోంచి జారిపోయింది, గల్లాపెట్టెలో మాత్రం ఏమీ పడలేదు. 2019లో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ చేరిన అయాక్స్, ఆ పాఠం మరవకుండా, ఫ్రెంకీ డి యాంగ్‌ను బార్సిలోనాకూ, మథైస్ డి లిగ్ట్‌ను యువెంటస్‌కూ చెరి 7.5 కోట్ల యూరోలకు ఇచ్చింది. అభిమానికి ఈ రెండు సందర్భాలూ ఒకే రకంగా బాధ కలిగించి ఉంటాయి, నిజమే. లెక్కల పుస్తకానికి మాత్రం అవి రెండూ ఒకటి కావు.

జీతాల అదుపు పైనుంచి నిబంధనగా దిగితే ఎలా ఉంటుందో స్పెయిన్‌లో చూడవచ్చు. అక్కడి లీగ్ అయిన లా లిగా ప్రతి క్లబ్‌కూ దాని ఆదాయం నుంచి ఇతర ఖర్చులు, అప్పుల వాయిదాలు తీసివేసి, జట్టు మీద ఎంత ఖర్చు పెట్టవచ్చో ముందుగానే ప్రకటిస్తుంది. పరిమితి దాటితే కొత్త ఆటగాణ్ణి నమోదు చేసుకోనివ్వదు. 2021లో మెస్సీని బార్సిలోనా నిలుపుకోలేకపోయింది ఈ నిబంధన వల్లనే. మెస్సీ సంగతి అందరికీ తెలుసు. అంతకంటే ఎక్కువ నేర్పేది సెవియ్యా కథ అని నా అభిప్రాయం. 2000లో రెండో డివిజన్‌లో ఉన్న ఆ క్లబ్‌ను, క్రీడా వ్యవహారాల డైరెక్టర్‌గా వచ్చిన మోంచి, కొని పెంచి అమ్మే పద్ధతిలోనే, ఛాంపియన్స్ లీగ్ తర్వాతి స్థాయి యూరప్ పోటీ అయిన యూరోపా లీగ్ శిఖరానికి చేర్చాడు. సెర్జియో రామోస్, డాని అల్వెస్, ఇవాన్ రాకిటిచ్ ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోతూనే ఉన్నారు, కప్పులు వస్తూనే ఉన్నాయి. 2006 నుంచి 2023 వరకు ఏడుసార్లు. ఆ దశలో పెద్ద జీతాలకు అలవాటుపడిన వయసు మళ్లిన జట్టు ఒకటి పేరుకుపోయింది. అలాంటి ఆటగాళ్లను ఆ జీతంతో కొనేవాడు దొరకడు కనుక అమ్మకాల ఊట ఎండిపోయింది, ఛాంపియన్స్ లీగ్ ఆదాయమూ పోయింది. 2023-24 సీజన్ మొదట్లో సుమారు 16.9 కోట్ల యూరోలున్న సెవియ్యా పరిమితి, మరుసటి ఏడాది సెప్టెంబరుకు 30 లక్షల లోపుకు పడిపోయింది. ఈ అంకెకు అర్థం జట్టు మొత్తానికి అంతే జీతమని కాదు. పాత ఒప్పందాల జీతాలు చెల్లించక తప్పదు, కొత్తవారిని తెచ్చుకోవాలంటే మాత్రం ఆదా చేసినదాంట్లోంచి కొంత భాగమే వాడుకోవాలి. 2024-25లో ఆ క్లబ్ పదిహేడో స్థానంలో, గండం అంచున, బయటపడింది.

అలాగని నియమాలన్నీ మధ్యస్థాయి క్లబ్బులకు మేలే చేస్తున్నాయని అనను. యుయెఫా పెట్టిన జట్టు వ్యయ నిష్పత్తి ప్రకారం, జీతాలు, ఏటా పంచి రాసే కొనుగోలు ఖర్చు, ఏజెంట్ల రుసుములు కలిపి, ఆదాయానికి అమ్మకాల నికర లాభాన్ని చేర్చగా వచ్చే మొత్తంలో 70 శాతం మించకూడదు. 2023-24లో 90తో మొదలుపెట్టి, ఏడాదికి పది చొప్పున తగ్గిస్తూ 2025-26కు ఆ మెట్టుకు చేర్చారు. ఏడాదికి 80 కోట్ల ఆదాయమున్న క్లబ్ 56 కోట్లు ఖర్చు పెట్టుకోవచ్చు, 20 కోట్ల క్లబ్‌కు 14 కోట్లే. శాతం ఇద్దరికీ సమానం, దూరం మాత్రం శాశ్వతం. టికెట్ల మీద, ప్రకటనల మీద ఆదాయం ఒక్క రాత్రిలో పెరగదు కనుక, చిన్నవాడికి ఆ మొత్తాన్ని పెంచుకునే దగ్గరి దారి అమ్మకం లాభం ఒక్కటే. అంటే, ఆటగాళ్లను అమ్ముకుంటున్నారని మనం ఎవరిని నిందిస్తున్నామో, వారిని అమ్మకం వైపు తోస్తున్నది నిబంధనే. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ క్లబ్బులు 2025 నవంబరులో ఇదే పోలికతో 85 శాతం నియమాన్ని 2026-27 నుంచి అమలు చేయాలని తీర్మానించాయి. అట్టడుగు క్లబ్‌కు వచ్చే ప్రసార, బహుమతి సొమ్ముకు ఐదు రెట్లు మించి ఎవరూ ఖర్చు పెట్టకూడదన్న మరో ప్రతిపాదనను మాత్రం తిరస్కరించాయి. పెద్దవారి పైకప్పును కిందివారి ఆదాయానికి ముడిపెట్టే ప్రతిపాదన అదొక్కటే.

నిబంధన గడువు బేరాన్ని ఎలా కాటేస్తుందో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ అనుభవించింది. అప్పటి నిబంధన ప్రకారం మూడేళ్లలో 10.5 కోట్ల పౌండ్ల వరకు నష్టాన్ని ప్రీమియర్ లీగ్ అనుమతించేది. అందులో రెండేళ్లు కింది డివిజన్‌లో గడిపినందున ఫారెస్ట్‌కు ఆ హద్దు 6.1 కోట్లే. ఆ లెక్కల సంవత్సరం 2023 జూన్ 30న ముగిసింది. తన అకాడమీలో పెరిగిన బ్రెన్నన్ జాన్సన్‌ను అప్పటికల్లా అమ్మేస్తే గట్టెక్కేది, కానీ ఆగితే మంచి ధర వస్తుందని ఆగింది. సెప్టెంబరు 1న టోటెన్‌హామ్ నుంచి 4.75 కోట్లు వచ్చింది కూడా. వ్యాపార బుద్ధితో చూస్తే అది సరైన నిర్ణయమే. విచారణ జరిపిన కమిషన్ ఆ వాదనను ఒప్పుకోక 2024 మార్చిలో నాలుగు పాయింట్లు కోసింది. నియమం నియమమే కాబట్టి శిక్షను తప్పుపట్టను, హద్దును 3 కోట్లకు పైగా దాటే దాకా జీతాలు, కొనుగోళ్లు పెంచుకుంటూ పోయింది ఫారెస్టే కదా. అయితే ఆ తీర్పు చూశాక మిగతావారు ఏం చేశారన్నది గమనించదగ్గది. ఆ జూన్ చివర్లోనే న్యూకాసిల్ తన అకాడమీ కుర్రవాడు ఎలియట్ ఆండర్సన్‌ను ఫారెస్ట్‌కూ, యాంకుబా మింటేను బ్రైటన్‌కూ హడావుడిగా ఇచ్చేసింది. సౌదీ ప్రభుత్వ నిధి వెనుక ఉన్న క్లబ్‌కే అలాంటి తొందర తప్పలేదు. ఆ వారం నిబ్బరంగా కొనుగోలుదారుగా కూర్చోగలిగిన వాటిలో బ్రైటన్ ఒకటని వేరే చెప్పనక్కర్లేదు.

ఈ పద్ధతికి హద్దులు లేవని కూడా కాదు. సౌతాంప్టన్ 2014లో ఒకే వేసవిలో ఐదుగురు ముఖ్య ఆటగాళ్లను పోగొట్టుకుని, తర్వాతి రెండు సీజన్లలో ఏడు, ఆరు స్థానాల్లో నిలిచింది. డిఫెండర్ వాన్ డైక్‌ను స్కాట్లండ్ క్లబ్ సెల్టిక్ నుంచి 1.3 కోట్లకు తెచ్చి 2018 జనవరిలో లివర్‌పూల్‌కు 7.5 కోట్లకు ఇచ్చింది. వెళ్లినవారికి బదులు వచ్చినవారు క్రమంగా అంత మంచివారు కాకపోవడంతో 2023లో అదీ కింది డివిజన్‌కు దిగింది. కొత్త ఆటగాళ్లను వెతికిపెట్టే స్కౌట్ల చూపు మందగిస్తే జీతాల పొదుపు ఒక్కటే కాపాడలేదు.

మీకు నా విన్నపం చిన్నది. బదిలీ వార్త ప్రచురించినప్పుడు ఫీజు అంకె పక్కన మరో మూడు వివరాలు ఇవ్వండి: ఆ ఆటగాణ్ణి క్లబ్ ఎంతకు, ఎప్పుడు కొన్నది, ఒప్పందంలో ఇంకా ఎన్నేళ్లు మిగిలాయి, గడచిన ఏడాది లెక్కల ప్రకారం క్లబ్ ఆదాయంలో జీతాల వాటా ఎంత. ఒక్కొక్క ఆటగాడి జీతం అధికారికంగా బయటికి రాకపోయినా, ఇంగ్లండ్ క్లబ్బులు మొత్తం జీతాల పద్దును ఏటా కంపెనీల రిజిస్ట్రార్‌కు సమర్పిస్తాయి, లా లిగా పరిమితులను తానే ప్రకటిస్తుంది. కనుక ఇవి దొరకని సమాచారమేమీ కాదు. ఒక చిన్న పెట్టె కట్టి వేసినా సరిపోతుంది.

భవదీయుడు,
మీ పాఠకుడు