కూలిన చెట్లు, పెంకు పురుగులు: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మనం చేసిన పనిలో సింహభాగం ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. గాలివానకు పడిపోయిన చెట్టును ఏం చేయాలి? 1996 నవంబరు 6 తుఫాను చూసిన కోనసీమ వాళ్లకు ఇది కొత్త ప్రశ్న కాదు. ఎంత త్వరగా తీసేస్తే అంత మంచిదని మన దగ్గర స్థిరపడిన మాట. కొబ్బరి విషయంలో అది ముమ్మాటికీ నిజం. మిగతా చెట్ల విషయంలో మాత్రం కాదని కార్యవర్గం గట్టిగా నమ్ముతోంది.

ముందు కొబ్బరి సంగతి. కొబ్బరిని పాడుచేసే పెంకు పురుగు, అంటే కొమ్ము పురుగు, గుడ్లు పెట్టేది కుళ్ళుతున్న కొబ్బరి మొద్దుల్లో, పెంటపోగుల్లో. పెద్దదయ్యాక రాత్రిపూట ఎగిరొచ్చి మొవ్వు తొలుస్తుంది. ఆకు విచ్చుకున్నాక చూస్తే కత్తెరతో కోసినట్టు ఉంటుంది. అందుకే ఈదురుగాలులు తగ్గగానే తోటల్లో పడిన మొద్దులను చీల్చి, ఎండబెట్టి, వంటచెరకుగా పంచేశాం. ఎరువు గుంటల్లో పచ్చ బూజు శిలీంధ్రం, అంటే మెటారైజియం, కలిపాం. కొన్నాళ్లకు గుంట తవ్వి చూస్తే చచ్చిన పిల్ల పురుగులు కనిపించాయి. కొన్నింటి ఒంటిమీద బూజు ఇంకా తెల్లగానే ఉంది, కొన్నింటి మీద ముదురాకుపచ్చగా పొడిలా రాలుతోంది. తోటలున్న సభ్యులు ఈ పని ఏటా చేయక తప్పదు.

ఇక ఏటిగట్టు మీద కూలిన నిద్రగన్నేరు. కొమ్మలు అమ్మి, మాను అక్కడే వదిలేద్దామని పంచాయతీని ఒప్పించడానికి చాలా తిరగాల్సి వచ్చింది. "అక్కడి పురుగులు మా తోటలోకి రావా?" అని సభ్యులే టెన్షన్ పడ్డారు. అడగాల్సిన మాటే. కొమ్ము పురుగు పిల్లలకు బాగా చివికిన మెత్తటి పదార్థం కావాలి. అలా మెత్తబడిన భాగం కనిపిస్తే తవ్వి చూసి, పిల్లలుంటే ఏరేస్తున్నాం. కానీ కొత్తగా పడిన గట్టి మానుకు ముందుగా వచ్చేవి వేరే పురుగులు. వాటిలో గుండుసూది తలంత రంధ్రాలు చేసి, లోపల బూజు పెంచుకుని తినేవి ఉంటాయి. బెరడు కింద పొడుగు మీసాల పురుగుల పిల్లలు వంకర టింకర దారులు తొలుస్తాయి. వీటిని తినడానికి వేటాడే పెంకు పురుగులు వస్తాయి. చెక్క మెత్తబడ్డాక వచ్చే జట్టు మళ్లీ వేరు. వెల్లకిలా పడితే టిక్కుమని ఎగిరే పురుగును మన పిల్లలు గంటసేపు వదల్లేదు.

ఎండలో ఉన్న మాను, నీడలో ఉన్నది, నిలబడి ఎండినది, నేలకొరిగినది, లావుది, సన్ననిది, ఇలా ఒక్కోదానికి ఒక్కో రకం పురుగులు చేరతాయి. తుఫాను వచ్చినప్పుడు ఇవన్నీ ఒకేసారి దొరుకుతాయి, పైగా అడవిలోకి ఎండ దిగుతుంది. దాంతో కొన్నేళ్లపాటు రకాలు పెరుగుతాయి. కలపంతా ఎత్తేస్తే ఆ అవకాశం పోతుంది. ఉష్ణమండలంలో చెక్క త్వరగా చివికిపోతుంది కాబట్టి, ఒకటి అయిపోయేలోగా ఇంకొకటి ఉండాలి. 2021లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరు ఖండాల్లోని 55 చోట్ల ఎండుచెక్కను పరీక్షించారు. దాని నుంచి వెలువడే కర్బనంలో సుమారు 29 శాతానికి కీటకాలే కారణమని లెక్క తేల్చారు. చెక్కలోని సారం నేలకూ చెట్లకూ తిరిగి చేరడంలో ఈ పురుగుల పాత్ర అంత పెద్దది.

కోరింగ మడ అడవికీ వెళ్లొచ్చాం. పోటు నీరు తగిలే మానును తొలిచేది పురుగు కాదు, ఆల్చిప్ప జాతి ప్రాణి. పెంకు పురుగుల కోసం నీటిమట్టానికి పైన, నిలబడి ఎండిన కొమ్మల్లో వెతకాలి. మడ చెట్టు ఎండిందని నరికితే పోయేది ఆ భాగమే.

జమా ఖర్చుల పట్టిక విడిగా పంపాం. చందా బాకీలు ఈసారి తక్కువే.

వచ్చే ఏడాది ఊరూరా కాలువ గట్ల మీద, గుడి తోటల్లో, శ్మశానాల్లో దారికి అడ్డంలేని ఎండుమానులను గుర్తించి రాసుకోవాలని తీర్మానించాం. రోడ్డు మీదకో, కరెంటు తీగల మీదకో ఒరిగినవి తీయాల్సిందే. మిగతావాటిని వేలం వేసేముందు కార్యవర్గానికి కబురు చేయండి. కొబ్బరి మొద్దులకు ఇది వర్తించదు.