ఆసుపత్రి అభివృద్ధి సంఘం: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పనంతా కొత్త బ్లాకు చుట్టూనే సాగింది. అందులో ఉచిత వార్డులు, డబ్బు కట్టే గదులు వేర్వేరు. ఆపరేషన్ థియేటర్లు, ల్యాబ్, స్కానింగ్ మాత్రం ఉమ్మడి. పడకలు పెంచి ఈ ఉమ్మడి విభాగాలను పాత స్థాయిలోనే ఉంచితే, ఆలస్యం భారం ఉచిత వార్డు రోగి మీదే పడుతుందన్నది మొదటి నుంచీ మన వాదన.

అందుకే ఆపరేషన్ పరికరాలను క్రిములు లేకుండా శుద్ధి చేసే స్టెరిలైజేషన్ విభాగం మీద గట్టిగా పట్టుబట్టాం. ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ యంత్రంలో పరికరాలను 134 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనీసం 3 నిమిషాలు ఉంచితే చాలు కదా అంటారు. కానీ కడగడం, ఆరబెట్టడం, ప్యాక్ చేయడం, చివర చల్లారడం కలిపితే గంటలు పడుతుంది. తొందరపడి ప్యాకు తడిగా బయటికి తీస్తే, ఆ తడి గుండా క్రిములు లోపలికి చేరతాయి. ఆ పరికరాల సెట్టంతా మళ్లీ మొదటి నుంచి శుద్ధి చేయాల్సిందే. ఈలోగా ఆ రోజు జాబితాలో చివర ఉన్న ఆపరేషన్లు వాయిదా పడతాయి. కొత్త థియేటర్ కంటే ముందే అదనపు ఆటోక్లేవ్, అదనపు పరికరాల సెట్లు రావాలన్న మన మాట ప్లానులోకి ఎక్కింది.

ఆక్సిజన్ విషయంలో పాత లైనుకే అతుకు వేస్తామన్న ప్రతిపాదనను వ్యతిరేకించాం. లైనులో ఒత్తిడి సుమారు 4 బార్ ఉండాలి. సన్నని పాత పైపు మీద పడకలు పెరిగేకొద్దీ చివరి పడక దగ్గర ఒత్తిడి పడిపోయి వెంటిలేటర్ అలారం మోగుతుంది. ఇప్పుడు ట్యాంకు నుంచే వేరే మెయిన్ లైను వేస్తున్నారు. వార్డుకో వాల్వు, నర్సు కూర్చునే చోట అలారం ప్యానెల్ ఉంటాయి. పైపులు కలిపాక ఒక్కో గ్యాస్‌నే తెరిచి, మిగతావి ఖాళీగా ఉంచి, ప్రతి అవుట్‌లెట్‌లో ఏ గ్యాస్ వస్తోందో మీటరుతో చూడాలి. పైపులు తారుమారైతే ప్రాణాలే పోతాయి. ఈ పరీక్ష పూర్తికాకుండా ఒక్క పడకా తెరవకూడదని రాతపూర్వకంగా కోరాం.

గోడలు కొట్టేటప్పుడు లేచే దుమ్ములో ఆస్పర్‌జిల్లస్ బూజు ఉంటుంది. కీమోథెరపీ రోగులకు అది ప్రాణాంతకం. నేల నుంచి సీలింగ్ దాకా సందు లేని అడ్డుగోడ కట్టించాం. శిథిలాలను తడిపి, మూత ఉన్న బండ్లలో, రోగుల లిఫ్టు కాకుండా వేరే దారిన దింపుతున్నారు.

డబ్బు కట్టినవారికి వేరే గది, నచ్చిన భోజనం దొరకవచ్చు. ఆపరేషన్ వరుసలో ముందు స్థానం మాత్రం దొరకకూడదు. రోగ తీవ్రతను బట్టి అందరికీ ఒకే జాబితా అన్న షరతు ఒప్పందంలో చేరింది. ఉమ్మడి విభాగాల ఖర్చును థియేటర్ గంటలు, పరీక్షల సంఖ్య ప్రకారం పంచాలన్నది ఇంకా తేలలేదు. అది తేలకపోతే ఖర్చంతా ఉచిత విభాగం ఖాతాలో పడి, లాభమంతా డబ్బు కట్టే గదుల వైపు కనిపిస్తుంది. వచ్చే ఏడాది మొదటి పని ఇదే.

థియేటర్లలో గంటకు 20 సార్లు గాలి మారుతోందో లేదో, లోపలి ఒత్తిడి కారిడార్ కంటే ఎక్కువగా ఉందో లేదో కొలవడం తలుపులు బిగించాకే కుదురుతుంది. ఆ కొలతల కాపీ మన సంఘానికీ ఇస్తామన్నారు.