నాన్న ఫొటో కింద ఫిర్యాదు నంబరు

సంపాదకులకు నమస్కారం.

నేను ఒక ప్రైవేటు సంస్థలో కస్టమర్ల ఫిర్యాదులు చూసే విభాగంలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. నిరుడు మా నాన్న పోయారు. ఆ రాత్రి ఫేస్‌బుక్‌లో ఆయన ఫొటో పెట్టి నాలుగు ముక్కలు రాసుకున్నాను. బంధువులు, చిన్ననాటి స్నేహితులు ధైర్యం చెబుతూ రాస్తున్నారు. వాటి మధ్య ఒక కామెంటు: "మేడమ్, నా డబ్బు ఇంకా వెనక్కి రాలేదు. ఫిర్యాదు నంబరు ఇది." కింద పది అంకెలు. "నంబరు రాసుకున్నానండీ, రెండు రోజుల్లో చూస్తాను" అని జవాబిచ్చాను. ఆ రాత్రి నాన్న ఫొటో కింద నేను రాయగలిగింది అదొక్కటే.

ఆ కస్టమర్‌ని తప్పుపట్టను. ఆయన డబ్బు ఆయనకు రావాలి. పైన ఏం రాసి ఉందో చదవలేనంతగా విసిగిపోయి ఉంటారు. కానీ ఆయన నా ఇంటి గడప దాకా ఎలా రాగలిగారు?

దారి వేసింది మా ఆఫీసే. పని కోసం మాకు వేరే నంబరు ఇవ్వరు. కస్టమర్లకు సొంత ఫోన్ నుంచే చేయాలి. వాళ్లు ఆ నంబరు సేవ్ చేసుకుంటారు. వాళ్ల ఫోన్‌లోని కాంటాక్టులు యాప్ చేతికి వెళ్లాయంటే, 'మీకు తెలిసినవాళ్లు కావచ్చు' అంటూ మా ముఖాలు చూపించడానికి దానికి అంతకన్నా ఏమీ అక్కర్లేదు. రాత్రి పదకొండింటికి 'హాయ్' అని మెసేజ్ వస్తే అది ఫిర్యాదో మరొకటో తెలియక, తెరవాలా వద్దా అని మా విభాగంలోని ఆడవాళ్లు ఎంత మథనపడతారో పైవాళ్లకు తెలియదు.

దీనికి తోడు, ప్రొఫైల్‌లో సంస్థ పేరు పెట్టుకోవాలని ఆదేశం. పొద్దున్నే ఆఫీసు గ్రూపులో కంపెనీ పోస్టరు వస్తుంది. అందరూ సొంత ఖాతాల్లో షేర్ చేసి పదింటిలోగా స్క్రీన్‌షాట్ పంపాలి. పంపనివాళ్ల పేర్లు సాయంత్రం అదే గ్రూపులో పెడతారు. ఇదే ఖాతాలో ఒకసారి, వరసగా రాత్రి షిఫ్టులు పడి నిద్ర చాలడం లేదని రెండు వాక్యాలు రాశాను. పిలిచి కూర్చోబెట్టారు. "ప్రొఫైల్‌లో మన కంపెనీ పేరు ఉంది కదా, ఇలాంటివి ఎలా పెడతారండీ?" అన్నారు. పెట్టమన్నది మీరే కదా సార్ అన్నాను. ఆ ఏడాది నా పనితీరును అంచనా కట్టే అప్రైజల్‌లో 'సంస్థ ప్రతిష్ఠ పట్ల శ్రద్ధ అవసరం' అని రాశారు. ప్రచారానికి కావలసినప్పుడు నా ఖాతా వాళ్లదైంది. నా కష్టం చెప్పుకోబోతే అప్పుడూ వాళ్లదే అయింది.

'ఇవి నా వ్యక్తిగత అభిప్రాయాలు' అని ప్రొఫైల్‌లో రాసుకుంటే సరిపోతుందని కొందరంటారు. ఆ వాక్యం అప్పటికే నా ప్రొఫైల్‌లో ఉంది. రెండో ఖాతా తెరిచి చూశాను. ఫోన్ అదే, పరిచయాలు అవే కాబట్టి వారం తిరక్కుండా సహోద్యోగులకు అది కనిపించింది. స్నేహితులకు మాత్రమే కనిపించేలా పెట్టినా స్క్రీన్‌షాట్‌కు అడ్డు లేదు. అమ్మతో మాట్లాడే గొంతుతో కస్టమర్‌తో మాట్లాడం. అది దాపరికం కాదు, ప్రతి మనిషీ చేసే పనే. సోషల్ మీడియా అందరినీ ఒకే గదిలో నిలబెట్టింది. ఆ గదిలో గోడ కట్టుకునే భారమంతా ఉద్యోగి నెత్తినే పెడితే ఎలా?

రొమేనియాలో ఒక ఉద్యోగి, కస్టమర్లకు జవాబులివ్వడానికి యజమాని తెరవమన్న యాహూ మెసెంజర్ ఖాతాలో సోదరుడితో, పెళ్లి చేసుకోబోయే అమ్మాయితో మాట్లాడాడని 2007లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. మెసేజ్‌లు చదువుతామని యజమాని ముందుగా చెప్పాడా లేదా అన్నది అక్కడి కోర్టులు తేల్చలేదని, అతని ఆంతరంగిక జీవితానికి రక్షణ దక్కలేదని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2017లో తీర్పిచ్చింది. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రం, ఉద్యోగుల నుంచి, ఉద్యోగం కోసం వచ్చినవాళ్ల నుంచి సొంత ఖాతాల పాస్‌వర్డ్‌లు అడగకూడదని 2012లోనే చట్టం చేసింది. గీత గీయడం కుదరని పనేమీ కాదు.

సంస్థలకూ కొన్ని హక్కులున్నాయి, కాదనను. కస్టమర్ వివరాలు బయటపెట్టినా, ఎవరినైనా బూతులు తిట్టినా అది సొంత ఖాతా అని తప్పించుకోకూడదు. రోగి ఫొటో పెట్టే డాక్టరును ఎవరు సమర్థిస్తారు? కానీ అలాంటి హద్దులు చేరిన రోజే కాగితం మీద రాసివ్వాలి. నాకిచ్చిన పద్నాలుగు పేజీల నియామక పత్రంలో సోషల్ మీడియా అన్న మాటే లేదు.

కస్టమర్లతో మాట్లాడే ప్రతి ఉద్యోగికీ సంస్థ ఖర్చుతో వేరే నంబరు ఇవ్వాలి. కంపెనీ పోస్టరు షేర్ చేయడం ఇష్టమున్నవాళ్ల పని కావాలి. దాన్ని హాజరుపట్టీలా లెక్కేయడం ఆపాలి. సొంత ఖాతాలో రాసింది అప్రైజల్‌కు ఎక్కిస్తే, ఏ పోస్టు, ఏ నిబంధన అన్నది చూపించి, ఉద్యోగి జవాబు కూడా పక్కనే రాయాలి. కార్మిక చట్టాలు చూసే అధికారులు, ఉద్యోగ సంఘాలు ఈ మూడింటిని జీతం, సెలవులతో పాటు చర్చకు పెట్టాలని కోరుతున్నాను.

నా జీతం మీద ఆధారపడిన కుటుంబం ఉంది. పేరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
ఒక కస్టమర్ కేర్ ఉద్యోగిని