రాజు శ్రీవాస్తవ్‌ను ట్రెడ్‌మిల్ వార్తగా మిగల్చకండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఈ నెల, అంటే 2022 సెప్టెంబర్ 21న, బుధవారం, ఢిల్లీ ఎయిమ్స్‌లో హిందీ కమెడియన్ రాజు శ్రీవాస్తవ్ చనిపోయారు. మర్నాడు మీ పత్రికలో వార్త వెతుక్కుని మరీ చదివాను. లోపలి పేజీలో చిన్న ఫొటో, ఆగస్టు 10న జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద గుండెపోటుతో కుప్పకూలారు, 40 రోజులకు పైగా ఆస్పత్రిలో ఉన్నారు, వయసు 58, ప్రముఖుల సంతాపం, అంతే. దాని పక్కన మాత్రం పెద్ద బాక్స్ కట్టి, యాభై దాటినవాళ్లు జిమ్‌కి వెళ్లొచ్చా అని డాక్టర్ల సలహాలు వేశారు. సలహాలు వేయొద్దని నేను అనను, నిరుడు నటులు సిద్ధార్థ్ శుక్లా, పునీత్ రాజ్‌కుమార్ గుండెపోటుతో పోయినప్పటి నుంచి జనంలో ఆ భయం ఉన్నమాట నిజమే. కానీ జీవితమంతా మనుషుల్ని నవ్వించిన మనిషి పోతే, ఆయన ఎలా నవ్వించారో ఒక్క వాక్యం కూడా లేదే అని చాలా బాధేసింది, అందుకే రాస్తున్నాను.

హిందీ కమెడియన్ గురించి తెలుగు పేపర్లో ఇంతకన్నా ఎందుకు రాస్తారు అని మీరు అనుకోవచ్చు. మా ఇంటి సంగతి చెప్తాను. మాది కాజీపేట. మా నాన్న రైల్వేలో గూడ్స్ గార్డు. బల్లార్షా దాకా బండి తీసుకెళ్లి, అక్కడి రన్నింగ్ రూమ్‌లో పడుకుని, మర్నాడో ఆ మర్నాడో తిరిగొచ్చేవారు. ఆయనకు హిందీ ఆ రన్నింగ్ రూమ్‌లోనే వచ్చింది. కాన్పూర్ వైపు నుంచి వచ్చినవాళ్లు, బీహార్ వాళ్లు, నాగ్‌పూర్ వాళ్లు అందరూ ఒకచోట వంట చేసుకుంటూ మాట్లాడుకునే హిందీ అది. స్కూల్లో మాకు చెప్పిన హిందీకి దానికి పోలికే లేదు. 2005లో స్టార్ వన్‌లో గ్రేట్ ఇండియన్ లాఫ్టర్ ఛాలెంజ్ అనే హిందీ కామెడీ పోటీ మొదలైనప్పుడు, సిద్ధూ, శేఖర్ సుమన్ జడ్జీలుగా కూర్చునేవారు, మా నాన్న డ్యూటీ లేని రోజు చూసుకుని టీవీ ముందు చేరేవారు. రాజు శ్రీవాస్తవ్ స్టేజీ ఎక్కి గజోధర్ అని తన పల్లెటూరి పాత్ర పేరు ఎత్తగానే నాన్న ముందే నవ్వడం మొదలుపెట్టేవారు. మాకు సగమే అర్థమయ్యేది. యాడ్స్ వచ్చినప్పుడు టీవీ సౌండ్ తగ్గించి మొత్తం మళ్లీ తెలుగులో చెప్పేవారు, చెబుతూ ఆయనే నవ్వాపుకోలేక మధ్యలో వదిలేసేవారు.

ఆ పోటీలో ఆయన గెలవలేదని చాలామందికి గుర్తుండదు. సునీల్ పాల్ మొదటి స్థానం, ఎహ్సాన్ ఖురేషీ రెండు, రాజు శ్రీవాస్తవ్ మూడు. అయినా దేశమంతా పేరు పెట్టి పిలిచింది ఆయన్నే. అప్పటికే ఆయన ముంబయిలో ఇరవై ఏళ్ల కష్టం పడి ఉన్నారు. కాన్పూర్‌లో పుట్టారు, తండ్రి బలయీ కాకా పేరుతో కవిత్వం చెప్పే మనిషి. సినిమాల కోసం వచ్చి, కొన్నాళ్లు ఆటో నడిపానని ఆయనే చెప్పుకున్నారు. తేజాబ్, మైనే ప్యార్ కియా, బాజీగర్ లాంటి సినిమాల్లో రెప్పపాటు కనిపించే వేషాలు వేశారు. శక్తిమాన్ సీరియల్‌లో ధురంధర్ సింగ్ అనే విలేకరి వేశారు, మా వయసు వాళ్లందరం ఆయన్ని మొదట చూసింది అక్కడేనేమో, పేరు మాత్రం తెలియదు.

ఆయన పని గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నాకు తెలిసినంత నేనే చెప్తాను. చాలామంది కమెడియన్లు స్టేజీ మీద ఒక కథ చెప్తారు, ఈయన ఊరిని దింపేసేవారు. చేతిలో మైకు తప్ప ఇంకేమీ ఉండదు, రెండు నిమిషాల్లో అక్కడ పెద్ద మనుషులు, ముసలమ్మలు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు, గేదెలు, ఆవులు అన్నీ వచ్చేసేవి. ప్రాణం లేని వస్తువులకు కూడా గొంతు ఇచ్చి వాటి కష్టాలు వాటి చేత చెప్పించేవారు. మన వరంగల్ మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ గారిని విన్నవాళ్లకు గొంతుతో మనిషిని దింపడం అంటే ఏమిటో తెలుసు. రాజు శ్రీవాస్తవ్ అక్కడితో ఆగకుండా, ఆ మనిషి ఏ ఊరివాడు, ఎంత చదివాడు, ఎదుటివాడిని చూసి ఎందుకు బెదురుతున్నాడు, అదంతా కూడా చూపించేవారు. పల్లెటూరి మనిషి పట్నం వచ్చి బిక్కమొహం వేస్తే నవ్వు వచ్చేది కానీ ఆ మనిషి మీద చులకన మాత్రం వచ్చేది కాదు, ఎందుకంటే చెప్పేవాడు ఆ పల్లెటూరి మనిషి పక్కన నిలబడి చెప్పేవాడు. మా నాన్న అంతగా నవ్వడానికి కారణం అదే అని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. ఆయన కూడా పెద్ద స్టేషన్లలో పెద్ద ఆఫీసర్ల ముందు బిక్కమొహంతో నిలబడ్డ మనిషే.

ఇక ఆ 40 రోజుల సంగతి. ఆయన ఆస్పత్రిలో ఉండగానే చనిపోయారని ఎన్నిసార్లు మెసేజీలు తిరిగాయో మీకు తెలిసే ఉంటుంది. కుటుంబం వాళ్లు, ఆయన ఉన్నారు, దయచేసి పుకార్లు నమ్మకండి అని బయటకు వచ్చి చెప్పుకోవలసి వచ్చింది. ఇది మనకు కొత్త కాదు, సరిగ్గా మూడేళ్ల కిందట ఇదే సెప్టెంబర్‌లో పోయిన మన కమెడియన్ వేణుమాధవ్ బతికుండగానే ఎన్నోసార్లు చనిపోయారని రాశారు, నేను బతికే ఉన్నానని ఆయనే చెప్పుకోవలసి వచ్చింది. నవ్వించేవాళ్ల విషయంలో ఇది మరీ ఎక్కువ జరుగుతుందేమో అనిపిస్తుంది, వాళ్ల చావు కూడా ఒక సరదా వార్తలా చేతులు మారుతుంది.

ఈ విషయంలో నాకు ఇంత కోపం ఎందుకంటే, మా నాన్న నిరుడు మేలో కోవిడ్‌తో తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు. ఏడో రోజు పొద్దున మా బంధువుల వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో నాన్న ఫొటోకి దండ పెట్టి శ్రద్ధాంజలి అని వేశారు. నేను ఆస్పత్రి బయట ఉన్నాను, నాన్న లోపల ఊపిరి తీసుకుంటున్నారు, ఇంట్లో మా అమ్మ ఫోన్‌లో అది చూసింది. నేను ఫోన్ చేసి లేదమ్మా ఉన్నారు అని చెప్పినా ఆ రోజంతా నమ్మలేదు, నేను దాస్తున్నానని అనుకుంది. ఇంకో రెండు రోజులకు నిజంగానే పోయారు. మొదటిసారి ఏడ్చినట్టు రెండోసారి ఏడవలేకపోయానని అమ్మ ఇప్పటికీ అంటుంది. ఆగస్టులో రాజు శ్రీవాస్తవ్ భార్యాపిల్లల గురించి చదువుతున్నప్పుడల్లా నాకు ఇదే కళ్ల ముందు తిరిగింది. మీ పత్రిక ఆ పుకార్లు వేయలేదు, అందుకు కృతజ్ఞతలు. కానీ ఆస్పత్రి నుంచి మాట రాకుండా ఎవరినీ చంపొద్దని ఒక మాట గట్టిగా రాసి ఉంటే బాగుండేది.

ఆ రోజుల్లో జరిగిన ఒక విషయం మాత్రం నన్ను వదలడం లేదు. రాజు శ్రీవాస్తవ్ చిన్నప్పటి నుంచి అనుకరించిన గొంతు అమితాబ్ బచ్చన్‌ది. ఆ పోలిక, ఆ గొంతే ఆయనకు మొదట్లో స్టేజీ మీద చోటు ఇచ్చింది. ఆయన స్పృహలో లేనప్పుడు, తెలిసిన గొంతు వింటే కదలిక రావచ్చేమోనని అమితాబ్ దగ్గర నుంచి వాయిస్ మెసేజ్ తెప్పించి చెవి దగ్గర వినిపించారట. అది విని కాస్త కళ్లు తెరిచారని, మళ్లీ వెళ్లిపోయారని అమితాబే తన బ్లాగులో రాశారు. ఒక మనిషి జీవితమంతా ఏ గొంతును తన గొంతులో పెట్టుకుని తిరిగాడో ఆ గొంతే చివరికి వచ్చి పేరు పెట్టి పిలిచింది. దీని మీద మీ సినిమా పేజీలో రెండు లైన్లు వచ్చాయి. నేను అది అమ్మకు చదివి వినిపించలేకపోయాను.

ఆయన పోయాక జరిగిన గొడవ కూడా చెప్పాలి. ఒక యువ కమెడియన్ ఈయన పోవడం వల్ల మేం కోల్పోయిందేమీ లేదన్నట్టు రాశారు, జనం తిట్టాక తీసేశారు. రాజు శ్రీవాస్తవ్ కొత్తతరం స్టాండప్ వాళ్లను బూతులు మాట్లాడతారని బాగా విమర్శించిన మాట నిజం, కొన్నిసార్లు పెద్దరికం ఎక్కువ చూపించారని నాకూ అనిపించింది. 2014లో సమాజ్‌వాదీ టికెట్ తీసుకుని వెనక్కిచ్చి బీజేపీలో చేరారు, ఆ రాజకీయం నచ్చనివాళ్లు నచ్చలేదని చెప్పొచ్చు, చెప్పాలి కూడా. కానీ చితి ఆరకముందే ఆ లెక్కలు తీయడం నాకు నచ్చలేదు. ఇవాళ టికెట్ పెట్టి స్టాండప్ చూసేవాళ్లలో చాలామందికి, ఒక్క మనిషి మైకు పట్టుకుని గంటసేపు షో నిలబెట్టగలడు అని మొదట తెలిసింది ఆ తరం వల్లే. అంతకుముందు మనకు కమెడియన్ అంటే హీరో పక్కన దెబ్బలు తినేవాడు.

అభిమానుల దుఃఖాన్ని కూడా కాస్త మర్యాదగా చూడండి. హీరో పోతే ఊరేగింపులు, కటౌట్లు ఉంటాయి, అది పెద్ద వార్త అవుతుంది. కమెడియన్ పోతే అభిమాని ఏం చేస్తాడు, పాత వీడియో పెట్టుకుని చూస్తాడు, నవ్వు వస్తుంది, నవ్వుతుండగానే గుర్తొస్తుంది, ఆపేస్తాడు, మళ్లీ పెడతాడు. బయటికి కనిపించేది ఏమీ ఉండదు కాబట్టి ఫొటో కూడా దొరకదు. 21న రాత్రి మేం అదే చేశాం. నేను, అమ్మ, మా తమ్ముడు వీడియో కాల్‌లో. ముగ్గురం ఒకే పాత వీడియో పెట్టుకున్నాం, అమ్మకు హిందీ రాదు, మధ్యలో ఆపి చెప్పే మనిషి లేరు, నేను చెప్పబోయాను కానీ నాన్న చెప్పినట్టు రాలేదు.

ట్రెడ్‌మిల్ గురించి రాస్తే రాయండి. అప్పుడు కనీసం గుండె ఆగిన మనిషికి అక్కడున్నవాళ్లు వెంటనే సీపీఆర్, అంటే ఛాతీ మీద నొక్కి ప్రాణం నిలబెట్టే ప్రయత్నం, ఎలా చేయాలో బొమ్మలు వేసి చూపించండి, గుండె ఆగాక కొద్ది నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది కాబట్టి అది ఎవరికైనా పనికొస్తుంది. దానికి వేరే పేజీ, వేరే రోజు ఇవ్వండి. ఈ ఆదివారం అనుబంధంలో మాత్రం రాజు శ్రీవాస్తవ్ మీద ఒక పేజీ కావాలి, హిందీ రాని మన పాఠకుడికి గజోధర్ ఎవరో, ఆయన్ని చూసి జనం ఎందుకు నవ్వారో అర్థమయ్యేలా. రాసేవాళ్లు దొరక్కపోతే నాకు చెప్పండి. యాడ్స్ మధ్యలో మా నాన్న తెలుగులో చెప్పినవి నాకు కొన్ని అలాగే గుర్తున్నాయి, ఉన్నవి ఉన్నట్టు రాసి పంపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కాజీపేట